ఒప్పుకుంటే అయిపోదురా

నాయనా,

రాత్రి నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మీ అత్తయ్య రెండుసార్లు లేచి లైటు వేసి చూసింది. బీపీ బిళ్ల వేసుకున్నారా అని అడిగిందే గానీ సంగతేమిటని అడగలేదు. ఎవరికీ చెప్పొద్దన్నావు కాబట్టి నేనూ చెప్పలేదు. తెల్లారుజామునే లేచి, ఫోనులో చెప్పలేకపోయినవన్నీ కాగితం మీద పెడుతున్నాను. ఫోటోలు తీసి నేనే వాట్సాప్‌లో పంపుతాను. బుధవారం అబ్బాయితో కోర్టుకి వెళ్లేలోపు రెండుసార్లు చదువు.

నువ్వు చెప్పినదాంట్లో ఒక్క మాట దగ్గర నా గుండె ఝల్లుమంది. "లాయరు మంచి బేరమే తెచ్చాడు మావయ్యా. ఒప్పేసుకుంటే అయిపోతుందంట. జైలు లేదు. రెండేళ్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారంట." ఆ మాట నాకు కొత్త కాదురా. ముప్ఫై ఎనిమిదేళ్లు నల్లకోటు వేసుకుని నేను జనానికి చెప్పిన మాటే అది.

నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు ఏడో తరగతో ఎనిమిదో. సంక్రాంతి ముందు చెరువుగట్టు మీద పేకాడుతున్నారని పోలీసులు ఆరుగురిని పట్టుకొచ్చారు. అందులో ఒకడు ఆడటం లేదు. వాళ్లన్నకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి అక్కడ నిలబడ్డాడంతే. ఇరవై ఏళ్లుంటాయి, డిగ్రీ చదువుతున్నాడు. నేను ఆడలేదు సార్ అని మా గుమస్తా చుట్టూ తిరిగాడు. ఆడలేదని నాకూ తెలుసు. కానీ కేసు నడిపితే ఏడాది పొడుగునా వాయిదాలు, వాయిదా వాయిదాకీ బస్సు ఛార్జీలు, వాళ్ల నాన్నకి ఒక రోజు కూలి దండగ. ఒప్పుకుంటే వంద రూపాయల జరిమానా, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాడు. "ఒప్పేసుకోరా, అయిపోతుంది" అన్నాను. మేజిస్ట్రేటు గారు అడిగినప్పుడు వాడు నా మొహంలోకి చూశాడు. నేను తల ఊపాను. ఒప్పుకుంటున్నానండీ అన్నాడు. జరిమానా రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మూడేళ్లకి మళ్లీ వచ్చాడు. కానిస్టేబులు ఉద్యోగానికి పరుగులో నెగ్గాడు, రాతపరీక్ష నెగ్గాడు. చేతిలో వెరిఫికేషన్ ఫారం ఉంది. గతంలో ఏ కేసులోనైనా శిక్ష పడిందా అన్న గడి దగ్గర వేలు పెట్టి, "ఇక్కడేం రాయమంటారు సార్" అని అడిగాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. గోటి పక్కన సిరా మరక ఉన్న ఆ వేలు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది. ఆ ఉద్యోగం వాడికి రాలేదు. ఆ రోజు వాడి చేత ఒప్పించకుండా ఉంటే బాగుండేదని నేను అనుకోని సంక్రాంతి లేదు.

వాడికి పోయింది ఒక ఉద్యోగం. మీవాడికి పోయేది ఊరే.

మీవాడి కేసు చూడబోతే చిన్నదే. స్నేహితుడి కారులో వెనకసీట్లో కూర్చున్నాడు, పోలీసులు ఆపారు, కాళ్ల దగ్గరున్న బ్యాగులో వేప్ పెన్ను దొరికింది. అందులో గంజాయి నూనె. న్యూజెర్సీలో ఇరవై ఒకటి దాటినవాళ్లు దుకాణానికి వెళ్లి బిల్లు కట్టి కొనుక్కునే సరుకు అది. మీ టెక్సస్‌లో ఒక గ్రాములోపు ఉన్నా స్టేట్ జైల్ ఫెలొనీ. 180 రోజుల నుంచి 2 ఏళ్ల దాకా శిక్ష వెయ్యొచ్చు. అది తప్పించడానికే మీ లాయరు డిఫర్డ్ అడ్జుడికేషన్ తెచ్చాడు. పిల్లాడు జడ్జి ముందు ఒప్పుకుంటాడు. జడ్జి "దోషివి" అని తేల్చకుండా ఆపి, ప్రొబేషన్‌లో పెడతాడు. గడువు సజావుగా గడిస్తే కేసు కొట్టేస్తారు. టెక్సస్ లెక్కలో అది శిక్ష పడినట్టు కాదు. లాయరు నీకు అబద్ధం చెప్పలేదు, టెక్సస్ లెక్క చెప్పాడు.

కానీ మీవాడు పౌరుడు కాదు, గ్రీన్ కార్డు మీద ఉన్నాడు కాబట్టి వాడి మీద రెండు లెక్కలు నడుస్తున్నాయి. నేరం రుజువైంది అనే మాటకి ఇమ్మిగ్రేషన్ చట్టంలో 1996లో వాళ్ల కాంగ్రెస్ వేరే అర్థం రాసిపెట్టింది. నేరం ఒప్పుకుని, దానిమీద జడ్జి ఏదో ఒక శిక్షో కట్టడో పెడితే చాలు, రుజువైనట్టే. ప్రొబేషన్ కూడా కట్టడే. రెండేళ్లు బుద్ధిగా ఉన్నాడని తరవాత కేసు కొట్టేసినా, రికార్డు మూసేసినా ఆ లెక్కలో అది చెరగదు. మత్తుపదార్థాల కేసయితే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణి పంపెయ్యడానికి ఆ ఒక్కటీ సరిపోతుంది. సొంతానికి 30 గ్రాములలోపు గంజాయి ఒకే ఒక్కసారి దగ్గర పెట్టుకున్న కేసుకి మినహాయింపు ఉంది. ఈ నూనె ఆ మినహాయింపులోకి వస్తుందని ఎవరైనా నీకు భరోసా ఇస్తే, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమను.

ఊరికే భయపెడుతున్నానని అనుకోకు. జే లీ అని ఒకాయన ఉన్నాడు. దక్షిణ కొరియాలో పుట్టి, 1982లో పదమూడేళ్ల వయసులో అమ్మానాన్నలతో అమెరికా వచ్చాడు. వాళ్లు న్యూయార్క్‌లో చిన్న కాఫీ కొట్టు పెట్టుకున్నారు. ఈయన మెంఫిస్ వెళ్లి కష్టపడి రెండు రెస్టారెంట్లు నిలబెట్టాడు. మళ్లీ కొరియా గడప తొక్కలేదు. తల్లీతండ్రీ పౌరసత్వం తీసుకున్నారు, ఈయన మాత్రం గ్రీన్ కార్డుతోనే ఉండిపోయాడు. మత్తు బిళ్లల కేసులో పట్టుబడ్డాడు. తప్పు చెయ్యలేదని నేను అనను. కానీ లాయరుని ఆయన పదేపదే అడిగింది ఒక్కటే: నన్ను ఈ దేశం నుంచి పంపేస్తారా? పంపరు, ఒప్పుకో అన్నాడు లాయరు. కోర్టులో జడ్జి కూడా అడిగాడు, ఒప్పుకుంటే డిపోర్టు కావచ్చు, అది నీ నిర్ణయాన్ని మారుస్తుందా అని. మారుస్తుందన్నాడు లీ. ఎలాగని జడ్జి అడిగితే, ఆ ప్రశ్న అర్థం కాక తన లాయరు వైపు తిరిగాడు. ఇది అందరికీ చెప్పే మామూలు హెచ్చరికేలే అన్నాడు లాయరు. అంతే, ఒప్పుకున్నాడు. ఏడాదీ ఒక్కరోజూ శిక్ష వేశారు. తప్పనిసరిగా పంపేసే కేసు అని ఆ తరవాత గానీ తెలియలేదు. ఎన్నో ఏళ్లు కొట్లాడితే 2017లో సుప్రీంకోర్టు ఆయన మాట విని, ఆ ఒప్పుకోలుని వెనక్కి తీసుకునే దారి చూపించింది.

లాయరు వైపు తిరిగిన ఆ మనిషి నాకు బాగా తెలిసినవాడిలాగే అనిపిస్తాడు. క్యారేజీ తెచ్చినవాడు నా వైపు అలాగే తిరిగాడు.

అంతకుముందు 2010లో పాడిల్లా కేసు వచ్చింది. హోండురాస్‌లో పుట్టినవాడు. నలభై ఏళ్లకి పైగా అమెరికాలో ఉన్నాడు, వియత్నాం యుద్ధకాలంలో వాళ్ల సైన్యంలో పనిచేశాడు. లారీలో గంజాయి దొరికింది. ఇన్నేళ్ల నుంచి ఇక్కడే ఉన్నావు, నీకేం కాదన్నాడు అతని లాయరు. ఒప్పుకుంటే దేశం విడిచిపోవలసి వస్తుందని ముందే చెప్పడం లాయరు విధి అని ఆ కేసులోనే తీర్పు వచ్చింది. మీ లాయరు ఆ ముక్క నీతో అన్నాడా? నేను అడిగితే నువ్వు కాసేపు మాట్లాడలేదు. టెక్సస్‌లో ఒప్పుకోలు తీసుకునే ముందు జడ్జి కూడా ఆ హెచ్చరిక చదవాలి, చట్టంలో ఉంది. అయితే ఆ వాక్యాన్ని మిగతా వాక్యాల్లాగే గడగడా చదివేస్తారు. పొద్దున్నుంచి వరసలో నిలబడినవాడి చెవికి అది ఎక్కదు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, దీన్ని వాళ్లు శిక్ష అనరు. దేశం నుంచి పంపెయ్యడం నేరానికి వేసే శిక్ష కాదని 1893లోనే, చైనా కూలీల కేసులో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. నేటికీ అదే సూత్రం మీద నడుస్తోంది. శిక్ష కాదు గనక సర్కారు ఖర్చుతో లాయరుని ఇవ్వరు. ఇమ్మిగ్రేషన్ కోర్టులో లాయరుని పెట్టుకోలేనివాడు ఒంటరిగా నిలబడాల్సిందే. మత్తుపదార్థాల కేసు రుజువైనవాడిని, విచారణ ముగిసేదాకా బెయిలు లేకుండా డిటెన్షన్‌లో ఉంచవచ్చు. తప్పు చేసినవాడు అనుభవించాలి, కాదనను. దెబ్బతిన్నవాళ్ల తరఫునా నేను వాదించాను. కానీ శిక్ష అనుభవించి బయటికొచ్చినవాడిని, వాడు పెరిగిన వీధి నుంచీ, కన్నబిడ్డల నుంచీ ఊడబెరికి, భాష కూడా రాని చోట దింపేస్తే అది శిక్ష కాకపోతే మరేమిటి? కంబోడియా నుంచి యుద్ధం తప్పించుకొచ్చిన కుటుంబాల పిల్లల్ని చూడు. 2002లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాక, ఎప్పుడో కుర్రతనంలో చేసిన నేరాలకి వాళ్లని పంపడం మొదలుపెట్టారు. వాళ్లలో కొందరు పుట్టింది థాయ్‌లాండ్ శరణార్థి శిబిరాల్లో. "తిరిగి" పంపిన దేశాన్ని వాళ్లు అంతకుముందు కంటితో చూసినవాళ్లు కాదు.

మొదట్లో ఇంత ఘోరంగా లేదు. అగ్రవేటెడ్ ఫెలొనీ అని 1988లో ఒక జాబితా పెట్టినప్పుడు అందులో హత్య, మత్తుమందుల వ్యాపారం, ఆయుధాల వ్యాపారం ఉండేవి. 1996లో దాన్ని ఎంత సాగదీశారంటే, ఏడాది శిక్ష పడిన దొంగతనం కూడా అందులో చేరింది. ఆ ఏడాదీ జైలుకి పోనవసరం లేకుండా శిక్షని ఆపి ఉంచినా సరే, ఏడాది అని కాగితం మీద ఉంటే చాలు. ఆ జాబితాలో పడ్డవాడిమీద దయ చూపించే వీలు జడ్జికి దాదాపు లేకుండా చేశారు. భార్యమీద చెయ్యి చేసుకున్న కేసు రుజువైనా పంపేస్తారు. మీ వాళ్లందరూ వారాంతాల్లో కలుస్తుంటారుగా, ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? హెచ్-1బీ గురించీ, ప్రయారిటీ డేట్ల గురించీ మీలో ప్రతివాడూ వకీలే. గ్రీన్ కార్డు చేతికొచ్చాక మాత్రం ఇక అంతా అయిపోయిందని కాళ్లు చాపుకుంటారు.

ఇక్కడ నిన్ను ఒక మాట అనాలి. కోపం తెచ్చుకోకు, మావయ్యని కాబట్టి అంటున్నాను. మీకు గ్రీన్ కార్డులొచ్చింది 2016లో. ఐదేళ్లు నిండిన 2021లోనే పౌరసత్వానికి పెట్టుకోమని నేను చెప్పాను. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. పద్దెనిమిది నిండకముందు నువ్వో మీ ఆవిడో పౌరులై ఉంటే, మీ దగ్గరే పెరుగుతున్న వాడు దరఖాస్తు కూడా అక్కర్లేకుండా ఆ రోజే పౌరుడయ్యేవాడు. 2000లో చేసిన చట్టం అది. పౌరుణ్ణి ఇలా పంపలేరు. నువ్వేమన్నావు? పొలం పోతుందేమో మావయ్యా అన్నావు. ఇక్కడ ఉండగా కొన్న పొలాన్నీ, వారసత్వంగా వచ్చినదాన్నీ ఓసీఐ కార్డుతో ఉంచుకోవచ్చురా. కొత్తగా సాగుభూమి కొనడానికే వీల్లేదు. ఆ మాట అప్పుడూ చెప్పాను. ఇండియా పాస్‌పోర్టు వదులుకుంటే మనసొప్పదని మీ అమ్మ అందని ఆగావు. మా అక్కయ్య అన్నది ప్రేమతోనే, దానికి ఇంత ఉందని ఆవిడకేం తెలుసు? నీ కూతురు అక్కడే పుట్టింది కాబట్టి దానికి ఏ బాధా లేదు. ఒకే కంచంలో తిని పెరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఊరు ఖాయం, ఒకరికి కాదు. ఇప్పుడు నిన్ను తిట్టి లాభం లేదు. కానీ మీ కాలనీలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు ఇంకా కార్డు మీదే ఉంటే ఇవాళే వాళ్లకి చెప్పు.

కిందటిసారి వాడు వచ్చినప్పుడు తెనాలి బస్టాండుకి తీసుకెళ్లాను. టీ తాగుదామని కొట్టు దగ్గర ఆగి, మన బస్సు వస్తే చెప్పరా అన్నాను. బస్సు వచ్చింది, వాడి ముందే ఆగింది, వెళ్లిపోయింది. వాడు అలాగే నిలబడి ఉన్నాడు. ఏంరా అంటే, సిగ్గుపడుతూ, బోర్డు చదవడం రాదు తాతయ్యా అన్నాడు. మాట్లాడే తెలుగు కూడా మీ ఆవిడ వంటింట్లో నేర్పినంతే. అన్నం, పప్పు, పడుకో, లే. రెండేళ్లప్పుడు తీసుకెళ్లావు వాణ్ణి. వాడి బడి, వాడి బేస్‌బాల్ టీము, వాడి భయాలూ కోపాలూ అన్నీ ఫ్రిస్కోలోనే ఉన్నాయి. చట్టం వాణ్ణి "స్వదేశానికి" పంపిస్తానంటే, పంపేది ఆ బస్టాండులోకి. నేనూ అత్తయ్యా ఉన్నాం, కళ్లల్లో పెట్టుకుంటాం. కానీ ఎన్నాళ్లు ఉంటాం?

సరే, చెయ్యవలసింది చెబుతాను. ఇమ్మిగ్రేషన్ చట్టం, క్రిమినల్ చట్టం రెండూ తెలిసిన లాయరుని సోమవారం పొద్దున్నే పట్టుకో. అక్కడ అలాంటివాళ్లు విడిగా ఉంటారు, హెచ్-1బీ కాగితాలు చూసే లాయరు దీనికి పనికిరాడు. ఇద్దరు లాయర్లకి ఫీజు ఇవ్వాలంటే భారమే. నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, మొహమాటపడకు. ఆ కొత్త లాయరు మీ లాయరుతో మాట్లాడి, ఒప్పుకోవాలా, ఒప్పుకుంటే ఏ సెక్షన్ కింద, ఏ మాటలతో అన్నది తేల్చాలి. ఒక్కోసారి సెక్షన్ మారిస్తే మనిషి దక్కుతాడు. జడ్జి ముందు నేరం ఒప్పుకోకుండానే నడిచే ప్రీట్రయల్ డైవర్షన్ అని ఒకటి ఉంది, అది దొరుకుతుందేమో ప్రాసిక్యూటరుని అడిగించు. దొరికినా, దాంట్లో ఏమేం రాసి సంతకం పెట్టమంటున్నారో ముందు ఆ లాయరుకే చూపించు. ఆ నూనెలో ఏముందో ల్యాబు రిపోర్టు వచ్చిందా? 2019 నుంచి టెక్సస్‌లో 0.3 శాతం మించని డెల్టా-9 టీహెచ్‌సీ ఉన్న హెంప్ (గంజాయి జాతి మొక్క) సరుకు దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. బ్యాగు ఎవరిది? కారు సోదా చెయ్యడానికి పోలీసులకి కారణం ఏముంది? ఒప్పుకుంటే ఈ ప్రశ్నలన్నీ ఆ రోజుతో చచ్చిపోతాయి. అందుకే బేరం అంత చవగ్గా వస్తుంది.

ఒకవేళ అన్ని దారులూ మూసుకుపోయినా, క్యాన్సిలేషన్ ఆఫ్ రిమూవల్ అని ఒక వాకిలి ఉంది. కార్డు వచ్చి ఐదేళ్లు, దేశంలో చట్టప్రకారం అడుగుపెట్టాక నేరం నాటికి ఏడేళ్లు నిండి ఉండాలి, అగ్రవేటెడ్ ఫెలొనీ ఉండకూడదు. మీవాడికి ఈ లెక్కలు సరిపోతాయి. కానీ అది ఇమ్మిగ్రేషన్ జడ్జి దయ మీద ఆధారపడేది, జన్మకి ఒక్కసారి దొరికేది. ఇరవై ఏళ్లకే దాన్ని వాడేసుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

మే నెలలో మా మనవరాలి పెళ్లికి నలుగురికీ టికెట్లు తీసుకున్నానన్నావు. వాడి టికెట్ క్యాన్సిల్ చెయ్యి. కేసు ఉండగా దేశం దాటితే తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు అధికారి ప్రశ్నలడుగుతాడు. భయపడి వాడేదో ఒప్పుకుంటే, ఆ మాటే పట్టుకుని లోపలికి రానివ్వకపోవచ్చు. పెళ్లిలో వాడేడీ అని అందరూ అడుగుతారు, పరీక్షలున్నాయని చెబుతాను. పౌరసత్వానికి నువ్వూ మీ ఆవిడా వెంటనే పెట్టుకోండి. వాడి దరఖాస్తు మాత్రం ఈ కేసు ఒక కొలిక్కి వచ్చి, లాయరు సరేననేదాకా ముట్టుకోవద్దు. ఆ దరఖాస్తే వాడి ఫైలుని వాళ్ల బల్లమీదికి చేరుస్తుంది.

అసలు నీ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసురా. నలుగురికీ తెలియకముందే ముగించెయ్యాలని. గుడిలో ఎవరో అడుగుతారు, చెల్లెలి అత్తవారికి తెలుస్తుంది, తానా సభల్లో మొహం ఎలా చూపించాలి. మన పరువు భయం నాకు తెలియనిదా? కోర్టు వరండాలో తువ్వాలు మొహాన కప్పుకుని నిలబడ్డ తండ్రుల్ని వందల మందిని చూశాను. అందరూ ఒకటే అడిగేవాళ్లు, ఇవాళే అయిపోతుందాండీ అని. ఇవాళే అవకపోతే నష్టం లేదు. ఆరు నెలలు వాయిదాలు తిరుగు. జనం నోళ్లు ఆరు నెలల్లో అలిసిపోతాయి.

వాడు గదిలోంచి బయటికి రావట్లేదన్నావు. మీ ఆవిడని వెళ్లి పక్కన కూర్చోమను, ఏమీ అడగొద్దు. అది ఎవరిచ్చారు, ఎన్నాళ్లుగా అనేవి తరవాత నిదానంగా అడగవచ్చు. కేసు సంగతి మాత్రం స్నేహితులతో మెసేజీల్లో ఒక్క ముక్క కూడా రాయొద్దని చెప్పు. తాతయ్యకి కోపం లేదని చెప్పు. ఈ ఉత్తరం వాడు చదవలేడు కాబట్టి, బస్టాండు సంగతి వదిలేసి, మిగతాది నువ్వే చదివి, వాడికి అర్థమయ్యేలా చెప్పు. క్యారేజీ కుర్రాడి సంగతి తప్పకుండా చెప్పు.

బుధవారం జడ్జి అడిగినప్పుడు వాడు నీ మొహంలోకి చూస్తాడు. తల ఊపకు. వాయిదా అడగమని లాయరుకి ముందే చెప్పు. మీకు పొద్దున పదంటే మాకు రాత్రి ఎనిమిదిన్నర. ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ మావయ్య